మట్టి గోడ: ఊళ్ళో సిగ్గు, పట్నంలో సోకు

ఎండాకాలం సెలవుల్లో మేము హైదరాబాద్ పోయాం. మా అక్క కొడుకు కొండాపూర్ వైపు ఒక పాత అపార్ట్‌మెంటులో రెండు పడక గదుల ఫ్లాటు కొన్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, బ్యాంకు అప్పు, ఇరవై ఏళ్ళ కిస్తీలు. ఉట్నూరు ఏజెన్సీలో ఒక గోండు గూడెంలో పుట్టి, ఆశ్రమ పాఠశాలలో చదివి, మాదాపూర్ దాకా వచ్చిన పిల్లవాడు. అతడు ఇల్లు కొన్నాడంటే గూడెమంతా తామే కొన్నట్టు సంతోషించింది. గోడలు బాగు చేయించే పనికి తోడుంటామని అక్కా, మేమూ బయలుదేరాం.

ఇల్లు పాతది కాబట్టి గోడల్లో చెమ్మ ఉంది. బాత్రూమును ఆనుకుని ఉన్న హాలు గోడ పొక్కులు లేచి పెచ్చులు ఊడుతోంది. పెయింటింగ్ మేస్త్రీ వచ్చి చూసి, పాత రంగు గీకాలి, లప్పం రెండుసార్లు పెట్టాలి, ప్రైమర్ కొట్టాలి, ఆ మీద రంగు రెండు చేతులు వేయాలి అని లెక్క చెప్పాడు. ఉన్నదంతా ఊడ్చి ఇల్లు కొన్న పిల్లవాడికి ఆ లెక్క బరువైంది.

"మామా, తక్కువ ఖర్చులో అయ్యే ఉపాయాలు చాలా ఉన్నయి" అంటూ ఫోన్ తీసి చూపించాడు. పాత చీరలు బిగించి కట్టిన గోడ, గోనె సంచి గుడ్డ అతికించిన గోడ, పాత పత్రికలు అంటించి వార్నిష్ పూసిన గోడ, అచ్చు పెట్టి పువ్వులు దిద్దిన గోడ. వీటన్నిటిలో అతడికి ఎక్కువగా నచ్చింది మట్టి గోడ. ఆఫీసు దగ్గర ఒక కాఫీ హోటల్లో చూశాడట. మట్టి మెత్తినట్టు, వేళ్ళ గుర్తులు కనబడేట్టు చేసిన గోడ. దాని ముందు నిలబడి అందరూ ఫోటోలు దిగుతారట. "అమ్మ వచ్చింది గద. హాల్ల ఒక గోడకు మన మట్టి పూత ఏపిద్దాం. దాని మీద గోండు బొమ్మలు గీద్దాం. ఖర్చు ఏముంటది?" అన్నాడు.

అక్క కాసేపు ఏమీ అనలేదు. తరువాత గోండిలో అన్న మాటను ఇక్కడ తెలుగులో రాస్తున్నాం: "నా ఇంట్ల మట్టి గోడ ఉంటె నీకు సిగ్గు. నీ ఇంట్ల మట్టి గోడ ఉంటె సోకా?"

పిల్లవాడు తల దించుకున్నాడు. ఎందుకో మాకూ తెలుసు. పదో తరగతిలో ఉన్నప్పుడు ఆదిలాబాద్ నుంచి అతడి స్నేహితులు గూడేనికి వచ్చారు. వాళ్ళను చెరువు దగ్గరికి తీసుకుపోయాడు, వాగు దగ్గరికి తీసుకుపోయాడు, ఇంటికి మాత్రం తీసుకురాలేదు. అక్క ఆ రోజు పండుగకు అలికినట్టు ఇల్లంతా అలికి, వంట చేసి, సాయంత్రం దాకా ఎదురు చూసింది. పదిహేనేళ్ళయినా ఆమె మరిచిపోలేదు.

ఆ రాత్రి నుంచి మా ఇంట్లో ఒక చర్చ మొదలైంది. అదే మట్టి ఊళ్ళో ఉంటే సిగ్గు, పట్నంలో ఉంటే సోకు ఎట్లా అవుతుంది? మన మట్టిని, మన బొమ్మను మనం ఎక్కడైనా, ఎట్లాగైనా వాడుకోవచ్చా? చవకగా అయ్యే పని అంటే ఎవరికి చవక? ఈ ప్రశ్నలు ఒక్క ఫ్లాటు గోడతో పోయేవి కావని మాకు అనిపించింది. చదువుకుని పట్నం పోతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, వాళ్ళకు పాఠాలు చెప్పే మా తోటి టీచర్లకు కూడా ఇవి ఎదురవుతాయి. అందుకే రాస్తున్నాం.

ముందు సిగ్గు సంగతి. మట్టి గోడను చూసి సిగ్గుపడాలని ఏ పిల్లవాడికీ పుట్టుకతో తెలియదు. ఎవరో నేర్పాలి. జనాభా లెక్కలకు వచ్చినవాళ్ళు గోడ దేనితో కట్టారని అడుగుతారు. మట్టి అని చెబితే ఆ ఇల్లు పక్కా ఇళ్ళ వరుసలో చేరదు. చిన్న తరగతుల పరిసరాల విజ్ఞానంలో కచ్చా ఇల్లు, పక్కా ఇల్లు అని రెండు బొమ్మలు ఉంటాయి. కచ్చా అంటే పచ్చిది, ఇంకా పండనిది అని అర్థం. ఆ పాఠం చెప్పింది ఎవరు? మేమే. మట్టి ఇళ్ళ నుంచి లేచి వచ్చిన నలభై మంది పిల్లల ముందు నిలబడి, మీ ఇల్లు ఇంకా పండలేదు అని ఇరవై ఏళ్ళు చెప్పాం. పాఠంలో అట్లా ఉంది కాబట్టి చెప్పాం అనవచ్చు. కానీ ఒక్కరోజైనా, మీ ఇంటి గోడకు మట్టి ఎక్కడి నుంచి తెస్తారు, ఎన్ని రోజులు నానబెడతారు, ఎవరు మెత్తుతారు అని అడగలేదు. మేనల్లుడి సిగ్గులో మా పాఠానికి కూడా వాటా ఉంది.

అయితే ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. మట్టి గోడ గొప్పది, మన సంస్కృతి, దాన్ని వదలకూడదు అని సభల్లో మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమంది మట్టి ఇంట్లో ఉండరు. మా అక్కకు పక్కా ఇల్లు కావాలి. ఇందిరమ్మ ఇళ్ళ పథకం 2024 మార్చిలో భద్రాచలంలో మొదలైనప్పటి నుంచి ఆమె దరఖాస్తు పట్టుకుని తిరిగింది. 5 లక్షలు విడతల వారీగా ఇస్తారంటే పునాది తవ్వించింది. ఎందుకని అడిగితే ఆమె చెప్పిన కారణాలు ఇవి: వానకాలం గోడ అడుగు నానుతుంది, చెదలు పడతాయి, ఎలుక బొక్క పెడితే దాని వెనక పాము వస్తుంది, ఏడాదికి నాలుగుసార్లు మెత్తాలి, నడుము పోయింది. ఈ మాటల్లో కాదనదగ్గది ఒక్కటీ లేదు. అక్కను మట్టి ఇంట్లోనే ఉండమని చెప్పే హక్కు ఆమె కొడుక్కు లేదు, మాకు లేదు, మ్యూజియంవాళ్ళకూ లేదు.

ఇక్కడే చవక అనే మాటను విప్పి చూడాలి. మట్టి పూతకు ఖర్చు ఏముంటుంది అన్నాడు మేనల్లుడు. మేము అక్కను కూర్చోబెట్టి లెక్క రాశాం. పాటిమన్ను తవ్వడానికి ఊరి బయటికి పోవాలి. గంపలో ఎత్తుకుని రావాలి. రాళ్ళు ఏరి, జల్లించి, వరిపొట్టో గడ్డి ముక్కలో కలిపి, నీళ్ళు పోసి తొక్కాలి. రెండు మూడు రోజులు నాననిచ్చి మళ్ళీ తొక్కాలి. పగుళ్ళు పూడ్చి మెత్తాలి. ఆరిన తరువాత పేడ కలిపిన సన్న మట్టితో అలకాలి. ఆ మీద తెల్ల మట్టి పూత, కింద జాజు పట్టీ. నీళ్ళు మోసేది ఆడవాళ్ళు, తొక్కేది ఆడవాళ్ళు, అలికేది ఆడవాళ్ళు. పోలాల పండుగకు ముందు, దండారికి ముందు, ఇంట్లో పెండ్లి ఉంటే దానికి ముందు ఈ పని తప్పదు. కూలి రేటు వేసి చూస్తే ఒక్క ఏడాది పూతకు అయ్యే మొత్తం చూసి పిల్లవాడు నోరు తెరిచాడు. మట్టి ఎప్పుడూ చవక కాదు. అమ్మ చేతులకు ఎవరూ కూలి కట్టలేదు కాబట్టి చవకగా కనబడింది.

పట్నంలో చవక కూడా అట్లాంటిదే. మేస్త్రీ పంపిన ఇద్దరు కుర్రవాళ్ళు గోడ గీకడానికి వచ్చారు. ఒడిశాలో రాయగడ వైపు వాళ్ళు. అందులో ఒకడు మనలాగే ఆదివాసి, కోదు తెగ పిల్లవాడు. లప్పం పొడి, పాత రంగు పొడి గదంతా లేచింది. ముఖానికి ఒక పాత టవల్ తప్ప ఏమీ లేదు. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదనే కేంద్ర నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. మేనల్లుడి అపార్ట్‌మెంటు అంతకన్నా పాతది. ఆ గోడల మీది పాత రంగులో సీసం ఉంటే, పొడిగా గీకినప్పుడు అది గీకేవాడి ఊపిరితిత్తుల్లోకే పోతుంది. నీళ్ళు చల్లి తడిపి గీకితే పొడి లేవదు. కానీ పని ఆలస్యమవుతుంది, కూలి పెరుగుతుంది. కూలి తగ్గించమని బేరం ఆడినప్పుడు మనం తగ్గిస్తున్నది ఆ తడిపే సమయాన్నే. పక్క గూడెం పిల్లవాడికి దగ్గు ఇచ్చి మన హాలుకు నునుపు తెచ్చుకుంటే, అది చవక అని ఎట్లా అందాం?

మరునాడు అక్కను శిల్పారామం తీసుకుపోయాం. మాదాపూర్‌లో 1992లో మొదలైన చేతిపనుల గ్రామం అది. దానికి కూతవేటు దూరంలో సైబర్ టవర్స్. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించిన ఆ గుండ్రటి భవనంతోనే హైటెక్ సిటీ అనే పేరు ఊరూరా తెలిసింది. ఈరోజు రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ దాకా అద్దాల గోడలే. అద్దం గోడ ఎండను లోపలికి రానిస్తుంది, వేడిని బయటికి పోనివ్వదు. దానికి మళ్ళీ ఏసీ పెట్టి చల్లబరచాలి. ఆ అద్దాల మధ్యన శిల్పారామం లోపల పల్లె మ్యూజియంలో మట్టి గుడిసెలు కట్టి పెట్టారు. అలికిన గోడలు, ముగ్గులు, లోపల మనుషుల బొమ్మలు.

అక్క ఒక గుడిసె ముందు ఆగింది. గోడను అరచేత్తో తట్టి చూసింది. "ఇందుల ఎవరుంటరు?" అని అడిగింది. ఎవరూ ఉండరు, చూడడానికి పెట్టారు అన్నాం. "మరి పొయ్యి ఎవరు అంటిస్తరు? పొగ తగలకుంటె చెద పట్టదా?" అంది. మేము జవాబు చెప్పలేదు. ఆమె మాటలో వెటకారం లేదు. ఇంటి గోడ నిలవాలంటే ఇంట్లో మనుషులు ఉండాలి, పొయ్యి మండాలి, ఏడాదికోసారి చెయ్యి తగలాలి. అది ఆమెకు తెలిసిన విద్య. మ్యూజియం చెడ్డదని మేము అనడం లేదు. పట్నం పిల్లలు మట్టి ఇల్లు ఎట్లా ఉంటుందో అక్కడే చూస్తారు. కానీ చూసేవాళ్ళు ఫోటో తీసుకుని ఇంటికి పోతారు. చూపించబడే ఇంటి మనిషి మాత్రం కచ్చా అనే పేరుతో దరఖాస్తు పట్టుకుని తిరుగుతూనే ఉంటుంది. గోడకు దక్కిన మర్యాద ఆ గోడ మెత్తిన మనిషికి దక్కలేదు. మాకు నొప్పి కలిగించేది ఇదే.

ఇక బొమ్మల సంగతి. మేనల్లుడు గోడ మీద వేయడానికి ఒక జింక బొమ్మ తీసుకొచ్చాడు. కొమ్ములు చెట్టు కొమ్మలై విరబూసినట్టు, ఒంటి నిండా చుక్కలు, గీతలు. "మన గోండు ఆర్ట్" అన్నాడు. అక్క చాలాసేపు చూసి, "బాగుంది. మనది కాదు. ఎవరిదో అడుగు" అంది.

ఆమె చెప్పింది నిజం. గోండు చిత్రకళ అని లోకం పిలిచే ఆ శైలి మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ అనే ఊరి పర్ధాన్లతో బయటికి వచ్చింది. జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే యువకుడు తన ఊళ్ళో గోడల మీద బొమ్మలు వేసేవాడు. 1980ల మొదట్లో చిత్రకారుడు జె. స్వామినాథన్ పంపిన బృందం అతడిని చూసి భోపాల్‌లోని భారత్ భవన్‌కు తీసుకువచ్చింది. చుక్కలతో, గీతలతో బొమ్మను నింపే పద్ధతి అతడి చేతిలో రూపు దిద్దుకుంది. అతడి దారిలో పర్ధాన్లు ఎందరో చిత్రకారులయ్యారు. భజ్జు శ్యామ్‌కు 2018లో, దుర్గాబాయి వ్యామ్‌కు 2022లో పద్మశ్రీ వచ్చింది. జన్‌గఢ్ మాత్రం 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తూ, ఇంటికి దూరంగా, ఆత్మహత్య చేసుకుని చనిపోయాడు. నలభై ఏళ్ళు కూడా సరిగా నిండని వయసు.

ఆదిలాబాద్ గోండులమూ ఆ పర్ధాన్లూ ఒకే పెద్ద వంశవృక్షం కొమ్మలమే. అయినా ఆ జింక మా అమ్మమ్మ గీసింది కాదు. దానికి ఒక ఊరు ఉంది, ఒక మనిషి ఉన్నాడు, ఒక చావు ఉంది. తెగ పేరు ఒకటే అయినంత మాత్రాన అడగకుండా, పేరు చెప్పకుండా అచ్చు పెట్టి దింపుకుంటే, మన బొమ్మలను కప్పుల మీద, సంచుల మీద అచ్చు వేసి అమ్ముకునేవాళ్ళకూ మనకూ తేడా ఏమిటి?

ఇంకా లోతైన సంగతి ఒకటి ఉంది. కొన్ని బొమ్మలు అలంకారం కోసం పుట్టినవి కావు. మహారాష్ట్రలో వర్లీల ఇంట పెండ్లి జరిగితే, పెళ్ళయిన ఆడవాళ్ళు బియ్యప్పిండితో గోడ మీద చౌకు గీస్తారు. దాని నడుమ పాలాఘాట్ దేవత ఉంటుంది. ఆ బొమ్మ లేనిదే పెండ్లి లేదు. ఉత్తరాంధ్ర కొండల్లో సవరలు ఇంటి లోపలి గోడ మీద గీసే బొమ్మ పెద్దలకూ దేవతలకూ ఇచ్చే చోటు. దాని ముందు మొక్కు చెల్లిస్తారు. జీవ్యా సోమా మాషే వంటి గొప్ప చిత్రకారుడు వర్లీ బొమ్మను కాగితం మీదికి, గుడ్డ మీదికి తెచ్చాడు. 2011లో పద్మశ్రీ అందుకున్నాడు. బొమ్మ గోడ దిగి లోకం తిరగడం తప్పు కాదని ఆయన జీవితమే చెబుతుంది. కానీ ఏ బొమ్మ తిరగవచ్చు, ఏ బొమ్మ ఇంట్లోనే ఉండాలి అని తేల్చాల్సింది దాన్ని మొక్కేవాళ్ళు. కొనేవాళ్ళకు ఆ పని ఇవ్వకూడదు.

ఈ విషయంలో మేము చేసిన తప్పు కూడా చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట మేము పనిచేసిన ఒక ఆశ్రమ పాఠశాలకు గోడలకు రంగులు వేయడానికి కొంత డబ్బు వచ్చింది. తక్కువ ఖర్చులో అందంగా ఉండాలని, మేమే నిలబడి ఎర్ర రంగు పూయించి, దాని మీద తెల్లగా వర్లీ బొమ్మలు వేయించాం. పైన పెద్ద అక్షరాలతో 'మన గిరిజన కళ' అని రాయించాం. వచ్చిన అధికారులు మెచ్చుకున్నారు. నాలుగో తరగతి పిల్ల ఒకతి గోడ ముందు నిలబడి, "సార్, వీళ్ళు ఎవరు? మన దండారి ఇట్ల ఆడరు గద" అంది. ఆ పిల్లకు గుసాడి తెలుసు. నెమలి ఈకల టోపీ తెలుసు. మేము రాసిన 'మన' అనే మాటలో తను లేదని వెంటనే కనిపెట్టింది. ఆదివాసులంతా ఒక్కటే అనుకునే బయటివాళ్ళ చూపుతో మేమే మా పిల్లలను చూశాం. ఆ గోడ ఇప్పటికీ అట్లాగే ఉందని విన్నాం.

ఇంతకూ మట్టిని వదలాలా, పట్టుకోవాలా? ఈ ప్రశ్నకు జవాబు మాకు కేస్లాపూర్‌లో దొరికింది. పుష్య అమావాస్యకు అక్కడ నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశంవాళ్ళు కాలినడకన హస్తిన మడుగు పోయి గోదావరి నీళ్ళు తెస్తారు. సిరికొండ కుమ్మరుల దగ్గర కుండలు చేయించుకుంటారు. పాత గుడి స్థానంలో వాళ్ళు తమలో తాము చందాలు వేసుకుని రాతి గుడి కట్టుకున్నారు. 2022 డిసెంబరులో ప్రతిష్ఠ జరిగింది. చెక్కిన రాయితో, గోపురంతో గుడి బ్రహ్మాండంగా ఉంది. మరి మట్టి పోయిందా? పోలేదు. జాతరలో వంశపు అల్లుళ్ళు మట్టి తెస్తారు, ఆడపడుచులు నీళ్ళు తెస్తారు, ఇద్దరూ కలిసి మట్టి కలిపి పుట్టలు చేస్తారు. గుడి రాతిది అయినా పుట్ట మట్టిదే. దాన్ని కూలికి చేయించరు, అంగడిలో కొనరు. పెండ్లయి వేరే ఊరికి పోయిన ఆడబిడ్డ ఆ మట్టి తడపడానికి తిరిగి వస్తుంది. పుట్టింటితో ఆమె బంధం ఏటేటా ఆ మట్టితోనే తడి ఆరకుండా ఉంటుంది.

అంటే గోడ దేనితో కట్టాలో మన వసతిని బట్టి మార్చుకోవచ్చు. రాయి కావచ్చు, సిమెంటు కావచ్చు. మట్టి చేసే అసలు పని మనుషులను ఒకచోటికి రప్పించడం. ఆ పనిని నిలబెట్టుకున్నామా లేదా అన్నదే మనం చూసుకోవాల్సింది. జార్ఖండ్‌లో హజారీబాగ్ వైపు ఆదివాసి ఆడవాళ్ళు పంట ఇంటికి వచ్చినప్పుడు సోహరాయి బొమ్మలు, పెండ్లికి ఖోవర్ బొమ్మలు గోడల మీద వేస్తారు. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో దేశపు టియెబెలే గ్రామంలో కసేనా స్త్రీలు కలిసి మట్టి గోడలను మెత్తి, నలుపు తెలుపు ఎరుపు రంగులతో దిద్దుతారు. 2024లో ఆ ఊరి రాజప్రాసాదం ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది. ఎక్కడ చూసినా ఇదే కథ. గోడకు పూత అంటే కలిసి చేసే పని. దాన్ని డబ్బాలో పోసి అమ్మితే రంగు వస్తుంది కానీ చుట్టాలు రారు.

చివరికి మేనల్లుడి ఇంట్లో ఏం చేశామో చెబుతాం. ఖర్చు తక్కువలో గోడలు బాగుచేసుకోవాలనుకునే వాళ్ళకు పనికి వస్తుంది.

ముందు చెమ్మకు కారణం వెతికాం. బాత్రూము గోడలో పైపు అతుకు దగ్గర నీళ్ళు కారుతున్నాయి. దాన్ని బాగు చేయించకుండా ఎన్ని పూతలు పూసినా దండగే. అక్క మాటల్లో చెప్పాలంటే, "లోపల తడి ఉన్నది, మీద ప్లాస్టిక్ కప్పిండ్రు, ఎట్ల ఆరుతది?" గోడను తడిపి పాత రంగు గీకించాం. కుర్రవాళ్ళకు మాస్కులు తెచ్చాం. అడిగిన కూలి ఇచ్చాం, తడిపి గీకడానికి అదనంగా ఒక రోజు కూలి కూడా ఇచ్చాం. గిలాబు ఊడిన చోట పూడ్చి, పది రోజులు ఆరనిచ్చాం.

తరువాత సున్నం. సున్నపు రాయిని కాల్చితే పొడి సున్నం వస్తుంది. దానికి నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి తడి సున్నం అవుతుంది. గోడకు పూశాక గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్ళీ రాయిగా మారుతుంది. చార్మినార్ నిలబడింది సున్నపు గచ్చుతోనే. గోల్కొండ పక్కన కుతుబ్‌షాహీ సమాధుల మరమ్మతులో కూడా సిమెంటు పూతలు తీసేసి సున్నమే వాడారు. గచ్చిబౌలి అనే పేరులోనే గచ్చు, బావి వినిపిస్తాయి. సున్నం పూసిన గోడలో తడి ఉంటే బయటికి పోవడానికి దారి ఉంటుంది. ప్లాస్టిక్ రంగు మీద మాత్రం సున్నం నిలవదు, దాన్ని పూర్తిగా గీకాలి. సున్నం ఉడికేటప్పుడు కళ్ళలో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. పిల్లలను దగ్గరికి రానివ్వకూడదు, ఇనుప బకెట్‌లో చేయాలి, ప్లాస్టిక్ బకెట్ కరుగుతుంది. ఒక రోజంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, కొద్దిగా తుమ్మ జిగురు కలిపి, గోడ తడిపి, పలచగా మూడుసార్లు పూశాం. పడకగదికి కొంచెం జాజు కలిపాం. మేస్త్రీ మొదట చెప్పిన లెక్కలో సగం కూడా కాలేదు.

హాలు గోడ మీద జింక వేయలేదు. బొమ్మ నచ్చితే, గీసినవాళ్ళ దగ్గర వాళ్ళ పేరుతో ఒక్కటి కొని చట్రం కట్టించుకో అన్నాం. సరే అన్నాడు. అక్క మాత్రం వచ్చే ముందు రోజు పొద్దున్నే లేచి, గుమ్మానికి రెండు పక్కలా కింద జాజు పట్టీ వేసి, దాని పైన తెల్ల సున్నంతో వేలితో చుక్కలు పెట్టింది. మా ఇంట్లో ఎప్పుడూ పెట్టేది అంతే. అందులో చెప్పుకోదగ్గ కళ ఏమీ లేదు. మేనల్లుడు పక్కన కూర్చుని గిన్నె పట్టుకున్నాడు. మధ్యలో అతడు కూడా వేలు ముంచి నాలుగు చుక్కలు పెట్టాడు. వంకరగా వచ్చాయి. అక్క చెరపలేదు.

బస్సు ఎక్కేటప్పుడు అతడు, "అమ్మా, మన కొత్త ఇంటికి నేను పైసలు పంపుత, మంచి టెక్స్చర్ రంగు ఏపిద్దాం" అన్నాడు. అక్క, "పైసలు పంపు. దండారికి నువ్వు కూడ రా. దోస్తులను తీస్కరా" అంది. అతడు వస్తానన్నాడు. వస్తాడో లేదో దీపావళికి తెలుస్తుంది.

తోటి టీచర్లకు మా విన్నపం ఒకటే. ఈసారి కచ్చా ఇల్లు, పక్కా ఇల్లు పాఠం వచ్చినప్పుడు పుస్తకం ఒక్కరోజు మూసి పెట్టండి. మీ ఇంటి గోడ ఎవరు మెత్తారు, మట్టి ఎక్కడిది, ఆ మనిషికి ఇప్పుడు నడుము ఎట్లా ఉంది అని అడిగి రమ్మని పిల్లలకు ఇంటిపని ఇవ్వండి. బడి గోడకు రంగు వేయించే డబ్బు వస్తే, ఏ బొమ్మ వేయాలో ఆ ఊరి ముసలమ్మలను పిలిచి అడగండి. ఆ రోజు కూలి వాళ్ళకే ఇవ్వండి. మేము అప్పుడు అడగలేదు. ఆ నాలుగో తరగతి పిల్ల ఇప్పుడు ఎక్కడ చదువుతోందో మాకు తెలియదు. తెలిస్తే ముందు ఆమెకు చెప్పాల్సిన మాట ఒకటి మిగిలి ఉంది.